దుకాణం పని మీద పంపిన కారు ప్రమాదం చేస్తే యజమాని బాధ్యత ఎంతవరకు?

మీ ప్రశ్న చదివే మిగతావారికి కూడా విషయం తెలియాలి కనుక ముందుగా దాన్ని నాకు అర్థమైనట్టు చెబుతాను. తిరుపతిలో మీకు ఎలక్ట్రికల్ సామాన్ల దుకాణం ఉంది, అందులో ఆరుగురు పనిచేస్తున్నారు. సేల్స్ చూసే 28 ఏళ్ల కుర్రవాడిని మీ పేరు మీద ఉన్న కారులో చిత్తూరు పంపారు. అక్కడి వ్యాపారి దగ్గర బాకీ వసూలు చేసుకుని, కొత్త రకం స్విచ్చుల నమూనాలు చూపించి, ఎక్కడా ఆగకుండా నేరుగా రమ్మని చెప్పారు. అతను మీకు చెప్పకుండా ఒక స్నేహితుణ్ణి వెంట తీసుకెళ్లాడు. చిత్తూరులో పని ముగిశాక ఇద్దరూ కాణిపాకం వెళ్లి వినాయకుడి దర్శనం చేసుకుని మళ్లీ తిరుపతి దారి పట్టారు. చంద్రగిరి దాటాక కారు ఒక మోటారు సైకిలును ఢీకొట్టింది. దాని మీద వస్తున్న తాపీ మేస్త్రీకి కాలు విరిగింది, మీ కుర్రవాడికి మణికట్టు విరిగింది, స్నేహితుడికి తలకు దెబ్బ తగిలింది. కుర్రవాడికి లైసెన్సు ఉంది, కారుకు బీమా అమల్లో ఉంది. ఇప్పుడు పరిచయస్తుడొకరు "నన్ను అడగకుండా కారు తీసుకుపోయాడని పాత తేదీ వేసి అతని చేత కాగితం రాయించుకోండి, మీకు ఏ గొడవా ఉండదు" అని సలహా ఇచ్చారు. మీరు బాధ్యులా కాదా, ఆ కాగితం పనికొస్తుందా, కుర్రవాడి వైద్యం ఖర్చు ఎవరిది అన్నవి మీ మూడు ప్రశ్నలు.

నేను ఇరవై ఏడేళ్లుగా తిరుపతి, చిత్తూరు కోర్టుల్లో మోటారు ప్రమాదాల క్లెయిములే ఎక్కువగా చూస్తున్నాను. కొన్నాళ్లు బాధితుల తరఫున, కొన్నాళ్లు బీమా కంపెనీల తరఫున వాదించాను. ఆ అనుభవంతో మొదట చెప్పేది, దయచేసి ఆ కాగితం రాయించుకోకండి. కారణాలు వివరంగా చెబుతాను కానీ, మీ బాధ్యత ఎక్కడ మొదలవుతుందో తెలియకుండా అవి అర్థం కావు కనుక అక్కడి నుంచే వస్తాను.

మనిషిని పని మీద పంపినవాడు, ఆ పని చేస్తూ అతను ఇతరులకు కలిగించిన నష్టానికి కూడా జవాబు చెప్పాలన్నది మన కోర్టులు ఎప్పటి నుంచో పాటిస్తున్న సూత్రం. దీన్నే వైకేరియస్ లయబిలిటీ అంటారు. యజమాని తప్పు చేశాడా లేదా అన్న ప్రశ్న ఇందులో రాదు. పని అతనిది, లాభం అతనిది, మనిషిని ఎంచుకున్నదీ అతనే కనుక, ఆ పనిలో పుట్టిన నష్టం దారిన పోయేవాడి మీద పడకూడదన్నది దాని వెనుక ఉన్న ఆలోచన. ప్రభుత్వానికి కూడా దీని నుంచి మినహాయింపు లేదని 1962లోనే సుప్రీంకోర్టు విద్యావతి కేసులో చెప్పింది. ఉదయపూర్ కలెక్టరు వాడే జీపును రిపేరు చేయించి వర్క్‌షాపు నుంచి తిరిగి తెస్తున్న డ్రైవరు, ఫుట్‌పాత్ మీద నడుస్తున్న మనిషిని గుద్దాడు. ఆ మనిషి చనిపోయాడు. జీపులో ఆ సమయంలో అధికారి ఎవరూ లేరు, అధికారిక పర్యటనా ఏదీ జరగడం లేదు. అయినా రాజస్థాన్ ప్రభుత్వమే పరిహారం ఇవ్వాల్సి వచ్చింది. బండిని రిపేరుకు తీసుకెళ్లడం, వెనక్కి తేవడం కూడా ఉద్యోగంలో భాగమే కదా. బాకీ వసూలుకు చిత్తూరు వెళ్లడం అంతకంటే స్పష్టంగా మీ పనే.

"నేరుగా రమ్మన్నాను, అతను వినలేదు" అన్న మీ మాట దగ్గర కొంచెం ఆగాలి, ఎందుకంటే యజమానులందరూ నమ్మకంగా చెప్పే మాట ఇదే. పని ఎలా చేయాలో యజమాని చెప్పిన షరతును ఉద్యోగి మీరినంత మాత్రాన అది యజమాని పని కాకుండా పోదు. 1862లో లండన్‌లోని ఒక బస్సు కంపెనీ, ఇతర బస్సులతో పోటీ పడవద్దని డ్రైవర్లకు రాతపూర్వకంగా ఆదేశాలిచ్చింది. ఒక డ్రైవరు పోటీ పడి ఎదుటి బస్సును దెబ్బతీస్తే, మా ఆదేశాలు మీరాడు కనుక మాకు సంబంధం లేదని కంపెనీ వాదించింది. కోర్టు ఒప్పుకోలేదు. ప్రయాణికులను ఎక్కించుకోవడానికి బస్సు నడపడమే అతని పని, ఆ పనిని తప్పుగా చేశాడు, అంతే. మోటారు ప్రమాదాల క్లెయిములు విచారించే మన ట్రిబ్యునళ్లు ఈనాటికీ ఈ పద్ధతిలోనే ఆలోచిస్తాయి. వేగంగా నడపవద్దన్నాను, ఫోను మాట్లాడవద్దన్నాను, ఎవరినీ ఎక్కించుకోవద్దన్నాను అనేవన్నీ పని చేసే తీరుకు సంబంధించిన ఆంక్షలు. బాధితుడి ముందు అవి మిమ్మల్ని కాపాడవు.

కాణిపాకం సంగతి వేరు, ఎందుకంటే అది దారి తప్పడం. ఉద్యోగి యజమాని పనిని పూర్తిగా పక్కనబెట్టి తన సొంత పని మీద వేరే ప్రయాణం మొదలుపెడితే, ఆ ప్రయాణంలో జరిగినదానికి యజమాని బాధ్యుడు కాడు. ఈ గీత కూడా పాత ఇంగ్లీషు తీర్పుల నుంచే మనకు వచ్చింది. 1869 నాటి స్టోరీ వర్సెస్ యాష్టన్ కేసులో ఒక వైన్ వ్యాపారి బండివాడు సరుకు దించి, ఖాళీ సీసాలతో తిరిగి వస్తూ, దుకాణం దగ్గరపడ్డాక వెంట ఉన్న గుమాస్తా మాట విని అతని సొంత పని కోసం బండిని మరో వైపు తిప్పాడు. ఆ దారిలో ఒకరిని గుద్దాడు. అది కొత్తగా మొదలైన స్వతంత్ర ప్రయాణమని, యజమానికి దానితో సంబంధం లేదని కోర్టు తేల్చింది. అయితే ఆ బండివాడు ప్రమాద సమయంలో యజమాని దుకాణానికి దూరంగా వెళుతున్నాడన్న సంగతి గమనించండి. మీ కుర్రవాడు కాణిపాకం వెళ్లే దారిలోనో, గుడి దగ్గర కారు నిలుపుతూనో ఎవరినైనా గుద్ది ఉంటే మీకు వాదించడానికి కొంత చోటు ఉండేది. ప్రమాదం జరిగేసరికి దర్శనం అయిపోయింది. కారు మీ దుకాణం వైపే వస్తోంది. వసూలు చేసిన డబ్బు, మీ నమూనాల పెట్టె అందులోనే ఉన్నాయి. చిత్తూరు నుంచి నేరుగా వచ్చినా చంద్రగిరి మీదుగానే వచ్చేవాడు. పక్కదారి ముగిసి మీ పని మళ్లీ మొదలైనట్టే లెక్క. ఇక్కడి ట్రిబ్యునలు ముందు ఈ వాదన మీకు నిలబడదని నా అభిప్రాయం, దాని మీద డబ్బు, సమయం ఖర్చు చేయవద్దని నా సలహా.

స్నేహితుణ్ణి ఎక్కించుకున్న విషయం గురించి మీరు విడిగా అడగలేదు కానీ, అతను కూడా క్లెయిము వేయవచ్చు. 1977లో పుష్పాబాయి ఉదేశీ కేసు ఇటువంటిదే. ఒక జిన్నింగ్ కంపెనీ మేనేజరు కంపెనీ పని మీద కంపెనీ కారు నడుపుతూ, పరిచయస్తుణ్ణి ఉచితంగా ఎక్కించుకున్నాడు. కారు చెట్టుకు గుద్దుకుని అందులోనివారు చనిపోయారు. ఎక్కించుకోమని కంపెనీ చెప్పలేదు, ఆ ప్రయాణికుడితో కంపెనీకి పనీ లేదు. అయినా మేనేజరు కంపెనీ పని మీదే కారు నడుపుతున్నాడు కనుక కంపెనీ బాధ్యత వహించాలని సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. స్నేహితుడి పరిహారాన్ని బీమా కంపెనీ ఇస్తుందా, మీరు ఇవ్వాలా అన్నది మాత్రం మీ పాలసీ రకాన్ని బట్టి తేలుతుంది. చట్టం కోరే కనీస థర్డ్ పార్టీ పాలసీ మాత్రమే ఉంటే ప్రైవేటు కారులో ఉచితంగా కూర్చున్న మనిషికి అది వర్తించదని కోర్టులు చెబుతూ వచ్చాయి. సమగ్ర బీమా, అంటే ప్యాకేజీ పాలసీ ఉంటే కారులో కూర్చున్నవారి పట్ల బాధ్యత కూడా బీమా కంపెనీదేనని సుప్రీంకోర్టు 2012లో బాలకృష్ణన్ కేసులో స్పష్టం చేసింది. ఈ రోజే పాలసీ తీసి ఏ రకమో చూడండి.

ఇక ఆ పాత తేదీ కాగితం సంగతి. దానితో మీకు మేలు జరగదు, మీ కుర్రవాడికి మాత్రం కీడు జరుగుతుంది. మోటారు వాహనాల చట్టం 133వ సెక్షను ప్రకారం, ప్రమాద సమయంలో బండి ఎవరు నడిపారు అన్న వివరాలను పోలీసులు అడిగినప్పుడు చెప్పాల్సిన బాధ్యత యజమానిది. కారును ఎందుకు పంపారో, ఎవరు పంపారో ఆ సందర్భంలోనే నమోదవుతుంది. మీరు చిత్తూరు వ్యాపారికి ఫోను చేసి "మా పిల్లవాడు వస్తున్నాడు, డబ్బు ఇచ్చి పంపండి" అని ఉంటారు. వాట్సప్‌లో చిరునామా పంపి ఉంటారు. ఆ వ్యాపారి దగ్గర మీ దుకాణం రసీదు ఉంటుంది. పెట్రోలుకు మీరు ఇచ్చిన డబ్బు రోజువారీ ఖర్చుల పుస్తకంలో ఉంటుంది. ఇన్ని సాక్ష్యాల నడుమ ఆ కాగితం ఒక్క రోజు క్రాస్ ఎగ్జామినేషన్‌కు కూడా నిలవదు. నిలవకపోగా, మీరు చెప్పే మిగతా నిజాలను కూడా జడ్జి నమ్మడం మానేస్తారు.

ఇలాంటిది నేను కళ్లారా చూశాను. చాలా ఏళ్ల కిందట చిత్తూరులో ఒక బెల్లం వ్యాపారి తన గుమాస్తాను బ్యాంకులో డబ్బు కట్టి రమ్మని పంపాడు. గుమాస్తా తన సొంత మోటారు సైకిలు మీద వెళుతూ రోడ్డు దాటుతున్న ఒక ముసలామెను గుద్దాడు. బండి బీమా గడువు రెండు నెలల కిందటే తీరిపోయింది. నేను ఆ ముసలామె తరఫున ఉన్నాను. గుమాస్తా ఆ రోజు సెలవులో ఉన్నాడని, సొంత పని మీద తిరుగుతున్నాడని వ్యాపారి కౌంటరు, అంటే లిఖిత జవాబు, వేశాడు. బ్యాంకు నుంచి తెప్పించిన డబ్బు కట్టిన స్లిప్పు మీద గుమాస్తా చేతిరాత, ఆ రోజు తేదీ ముద్ర ఉన్నాయి. మండీ ఖర్చుల పుస్తకంలో అదే తేదీన అతని పేరుతో పెట్రోలు ఖర్చు రాసి ఉంది. పరిహారం ఇద్దరూ కలిసి చెల్లించాలని ట్రిబ్యునలు ఆదేశించింది. ఆ గుమాస్తా పదిహేనేళ్లు ఆ మండీలో పనిచేసినవాడు. యజమాని తనను సెలవులో ఉన్నట్టు రాయించాడని కోర్టులో విన్నప్పుడు అతని ముఖం ఎలా మారిందో నాకు ఇప్పటికీ గుర్తుంది. నేను ఎదుటి పక్షంలో ఉండి కూడా ఆ రోజు బాధపడ్డాను.

మీ కాగితం విషయంలో మరో చిక్కు కూడా ఉంది, దాన్ని సలహా ఇచ్చినవారు ఆలోచించలేదు. బీమా కంపెనీ నిలబడేది మీ బాధ్యతను తన మీద వేసుకోవడానికే. మీ అనుమతితో, లైసెన్సు ఉన్న మనిషి నడిపాడన్నదే మీకున్న పెద్ద బలం. "అనుమతి లేకుండా తీసుకుపోయాడు" అని మీరే రాసిస్తే, కంపెనీ ఆ మాటను ఆధారం చేసుకుని తన వాదన మొదలుపెడుతుంది. చివరికి అది గెలవకపోయినా కేసు ఏళ్ల తరబడి సాగుతుంది, మేస్త్రీ కుటుంబం అంతవరకు ఎదురుచూడాలి. మీ నిజమే మీకు ఉపయోగపడుతున్నప్పుడు దాన్ని చెరుపుకోవడం దేనికి?

నిజం చెబితే బీమా పరిస్థితి ఇలా ఉంటుంది. మూడో వ్యక్తి గాయపడినా చనిపోయినా థర్డ్ పార్టీ బీమాలో పరిహారానికి గరిష్ఠ పరిమితి లేదు. ఇతరుల ఆస్తి నష్టానికి మాత్రం సాధారణంగా 7,50,000 రూపాయల పరిమితి ఉంటుంది. కుర్రవాడి లైసెన్సు తేలికపాటి మోటారు వాహనానికి చెల్లుబాటులో ఉంది కనుక ఆ చిక్కు లేదు. లైసెన్సులో లోపం ఉన్నా కూడా కంపెనీ ముందు బాధితుడికి చెల్లించి, తర్వాత యజమాని దగ్గర రాబట్టుకునే పద్ధతిని 2004లో స్వరణ్ సింగ్ కేసు స్థిరపరిచింది. ఆ రాబట్టుకోవడం మీ దాకా రాకుండా చూసుకోవడమే మీ పని. ప్రైవేటు కారు పాలసీలో "వాడకం పరిమితులు" అన్న భాగం చదవండి. అద్దెకు తిప్పడం, సరుకు రవాణా అందులో నిషిద్ధం. నమూనాలు, సొంత సామాను మాత్రం తీసుకెళ్లవచ్చని అందులోనే ఉంటుంది. మీరు పంపినవి నమూనాలే కనుక ఇబ్బంది లేదు. ఇదే కారులో ఖాతాదారులకు కేబుల్ చుట్టలు, ఫ్యాన్ల డబ్బాలు చేరవేసే అలవాటు ఉంటే మాత్రం ఈ రోజుతో మానండి, దానికి సరుకు బండి వేరుగా ఉండాలి.

కంపెనీకి ప్రమాదం గురించి ఇంకా రాతపూర్వకంగా తెలపకపోతే వెంటనే తెలపండి. ప్రమాదం జరిగిన తేదీ, సమయం, చోటు, నడిపినవారి పేరు, ఏ పని మీద వెళ్లారు అన్నవన్నీ ఉన్నవి ఉన్నట్టు రాయండి. కాణిపాకం కూడా రాయండి, దాచవద్దు. స్టేషనులోనో పెద్దమనుషుల ముందో "ఇంత ఇస్తాను" అని రాతపూర్వకంగా ఒప్పుకోవద్దు. కంపెనీ అనుమతి లేకుండా బాధ్యత ఒప్పుకోకూడదన్న షరతు దాదాపు ప్రతి పాలసీలోనూ ఉంటుంది. ఆసుపత్రిలో మేస్త్రీని చూడటానికి వెళ్లడం, మందులకు చేతనైన సాయం చేయడం వేరు, అది మీరు తప్పక చేయాలని నేను కోరుతాను. రాజీ చేసుకోవాలనుకుంటే లోక్ అదాలత్ మంచి మార్గం. అక్కడికి బీమా కంపెనీ కూడా వస్తుంది, అక్కడి అవార్డు, అంటే తీర్పు, మీద అప్పీలు ఉండదు, మేస్త్రీకి డబ్బు త్వరగా అందుతుంది. రోడ్డు ప్రమాద బాధితులకు నిర్దేశిత ఆసుపత్రుల్లో మొదటి ఏడు రోజులు 1,50,000 రూపాయల వరకు నగదు లేకుండా వైద్యం చేసే కేంద్ర పథకం 2025 మే నుంచి ఉంది. మేస్త్రీ విషయంలో ఆసుపత్రి దాన్ని వాడిందో లేదో వారి ఇంటివాళ్లను కనుక్కోమనండి.

మొత్తం ఎంత కావచ్చో ఒక అంచనా ఉంటే మీ భయం తగ్గుతుంది. తాపీ మేస్త్రీ వయసు 34, నెల సంపాదన 15,000 అనుకుందాం. ట్రిబ్యునలు చూసేది డాక్టరు రాసిచ్చే వైకల్య శాతాన్ని మాత్రమే కాదు, ఆ వైకల్యం అతని పని శక్తిని ఎంత తగ్గించిందన్నదీ చూస్తుంది. గుమాస్తాకు కాలు కాస్త వంకరైతే సంపాదన పెద్దగా తగ్గకపోవచ్చు, పరంజి ఎక్కి పనిచేసే మేస్త్రీకి అదే వంకర బతుకుతెరువును దెబ్బతీస్తుంది. పని శక్తి 20 శాతం తగ్గిందని తేలితే ఏడాదికి 36,000 రూపాయల నష్టం. 31 నుంచి 35 ఏళ్ల వారికి 2009 నాటి సరళా వర్మ తీర్పు ప్రకారం గుణకం, అంటే ఏడాది నష్టాన్ని హెచ్చించే సంఖ్య, 16 కనుక 5,76,000 అవుతుంది. నలభై ఏళ్ల లోపు సొంతంగా పనిచేసుకునేవారికి భవిష్యత్తులో ఆదాయం పెరుగుతుందని 40 శాతం కలిపే పద్ధతిని 2017లో ప్రణయ్ సేథీ తీర్పు ఖరారు చేసింది. అది కలిపితే 8,06,400. దీనికి వైద్య ఖర్చులు, పని లేని నెలల కూలి, నొప్పికీ బాధకూ ఇచ్చే మొత్తం, వడ్డీ అదనం. బీమా సరిగా ఉంటే ఇందులో మీ చేతి నుంచి పోయేది ఏమీ ఉండదు. మోటారు సైకిలు నడిపిన తీరులో మేస్త్రీ తప్పు కూడా కొంత ఉందని తేలితే ఆ మేరకు తగ్గిస్తారు. అది పోలీసుల పంచనామా, స్థల పటం, సాక్షుల మాటల మీద ఆధారపడుతుంది, మీరు కల్పించగలిగేది కాదు.

క్రిమినల్ కేసు గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు. నిర్లక్ష్యంగా నడిపిన నేరం నడిపినవారి మీదే ఉంటుంది, పంపిన యజమాని మీదికి రాదు. లైసెన్సు లేనివారికి బండి ఇవ్వడం, బీమా లేని బండిని రోడ్డు మీదికి వదలడం యజమాని నేరాలు, మీ విషయంలో అవి లేవు.

మీ కుర్రవాడి విషయం మీ ఉత్తరంలో చివరి వాక్యంలో వచ్చింది, నాకు మాత్రం అది ముఖ్యం. నడిపింది తనే, తప్పు తనదే అయినప్పుడు అతను ట్రిబ్యునల్‌లో మీ మీద మామూలు క్లెయిము వేయలేడు. కానీ ఉద్యోగుల పరిహార చట్టం వేరు. అక్కడ ఉద్యోగి నిర్లక్ష్యం అడ్డు రాదు. గాయం ఉద్యోగం వల్ల, ఉద్యోగం చేస్తూ ఉండగా తగిలిందా అన్నదే ప్రశ్న. 1923 నాటి ఆ చట్టం స్థానంలో 2025 నవంబరు 21 నుంచి సామాజిక భద్రత కోడ్ అమల్లోకి వచ్చింది, పరిహారం లెక్కించే పద్ధతి మాత్రం అలాగే కొనసాగుతోంది. మీ దుకాణంలో పదిమంది కంటే తక్కువ ఉన్నారు కనుక ఈఎస్ఐ, అంటే ఉద్యోగుల ప్రభుత్వ బీమా పథకం, వర్తించదని అనుకుంటున్నాను. అది వర్తించి ఉంటే వైద్యం, పరిహారం అక్కడి నుంచే వచ్చేవి.

లెక్క ఇలా ఉంటుంది. అతని జీతం 18,000 అన్నారు. 2020 జనవరి నాటి నోటిఫికేషను ప్రకారం లెక్కలోకి తీసుకునే నెల జీతం గరిష్ఠంగా 15,000. అందులో 60 శాతం 9,000. 28 ఏళ్ల వయసుకు పట్టికలో ఉన్న గుణకం 211.79. రెండూ హెచ్చిస్తే 19,06,110 వస్తుంది, ఇది పూర్తి శాశ్వత వైకల్యానికి. మణికట్టు అతుక్కున్నాక సంపాదన శక్తి 10 శాతం తగ్గిందని డాక్టరు ధ్రువీకరిస్తే అందులో పదో వంతు, 1,90,611 రూపాయలు. ఈ గాయానికి అయిన వైద్య ఖర్చు యజమాని తిరిగి ఇవ్వాలి. పరిహారం చెల్లించాల్సి వచ్చిన తేదీ నుంచి నెల దాటితే 12 శాతం వడ్డీ, కారణం లేకుండా ఆలస్యం చేస్తే 50 శాతం వరకు అదనపు మొత్తం కూడా పడతాయి. ఈ వడ్డీ, అదనపు మొత్తం మాట మీ పరిచయస్తుడు మీకు చెప్పి ఉండరు.

ఇది కూడా బీమా కంపెనీ మీదికి వెళుతుందా అంటే, పాలసీలో జీతం మీద నడిపే డ్రైవరుకు చట్టపరమైన బాధ్యత అన్న పేరుతో అదనపు ప్రీమియం కట్టారా లేదా చూడాలి. మనిషికి ఏడాదికి చాలా స్వల్ప మొత్తం అది, ఏజెంట్లు చాలాసార్లు అడగకుండానే వదిలేస్తారు. మీ కుర్రవాడు సేల్స్ మనిషి, డ్రైవరుగా పెట్టుకున్నవాడు కాదు అని కంపెనీ అభ్యంతరం చెప్పవచ్చు. ఆ రోజు మీ ఆదేశం మీద మీ వాహనం నడిపే పనిలో ఉన్నాడన్నదే దానికి జవాబు. ఇక్కడ చూడండి, మీరు ఆ పాత తేదీ కాగితం రాయించుకుని ఉంటే అతని వైద్యానికి ఉన్న ఈ ఒక్క దారినీ అతని చేతే మూయించినవారయ్యేవారు. డ్రైవర్లు కాని ఇతర ఉద్యోగులు కారులో ప్రయాణించేటప్పటి బాధ్యతకు కూడా విడిగా ఒక అదనపు కవరు ఉంది. పాలసీ పునరుద్ధరించేటప్పుడు రెండూ అడిగి తీసుకోండి.

పనివాళ్లను వాళ్ల సొంత బండి మీదే పంపే అలవాటు మన ఊళ్లో చాలా ఎక్కువ. అలిపిరి దగ్గరి లాడ్జీల నుంచి రేణిగుంట విమానాశ్రయానికి, పూతలపట్టు వైపు మామిడి గుజ్జు కర్మాగారాల నుంచి చిత్తూరు బ్యాంకులకు రోజూ ఎంతమంది కుర్రవాళ్లు తమ సొంత మోటారు సైకిళ్ల మీద తిరుగుతారో మీకు తెలుసు. బండి ఉద్యోగి పేరు మీద ఉంటే తనకు సంబంధం లేదని యజమాని అనుకుంటాడు. బండి యజమానిగా ఉద్యోగి బాధ్యుడే, అతని బీమా ముందు నిలబడుతుంది, కానీ పని మీద పంపినవారిగా మీరూ బాధ్యులే. అతని బీమా గడువు తీరి ఉంటే మొత్తం భారం మీ ఇద్దరి మీదా పడుతుంది. కనుక పనివాళ్ల బండ్ల ఆర్‌సీ, బీమా, లైసెన్సు నకళ్లు తీసి దుకాణంలో ఒక ఫైలులో పెట్టుకోండి, గడువు తేదీలు క్యాలెండరు మీద గుర్తు పెట్టుకోండి, అవసరమైతే బీమా మీరే కట్టించండి. అద్దె ట్యాక్సీ మాట్లాడుకుని పంపితే మామూలుగా బాధ్యత ట్యాక్సీ యజమానిది. నెలల తరబడి అద్దెకు తీసుకుని, డ్రైవరును మీరే నడిపిస్తూ ఉంటే మీ మీదికి కూడా రావచ్చు. అద్దె బస్సు డ్రైవరు మీద అధికారం ఆర్టీసీదే అయినప్పుడు బాధ్యత కూడా దానిదేనని 1997లో రాజస్థాన్ ఆర్టీసీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

ఉదయం ఇంటి నుంచి దుకాణానికి వస్తూ పనివాడు ఎవరినైనా గుద్దితే ఆ బాధితుడికి మీరు జవాబుదారు కారు, మామూలుగా అది మీ పని కాదు. అదే దారిలో అతనికే దెబ్బ తగిలితే మాట మారింది. డ్యూటీకి వస్తూ మోటారు సైకిలు ప్రమాదంలో చనిపోయిన ఒక చక్కెర కర్మాగారం కాపలాదారు కేసులో, ప్రయాణానికీ ఉద్యోగానికీ సమయం, స్థలం, పరిస్థితుల సంబంధం ఉంటే అది ఉద్యోగంలో జరిగిన ప్రమాదమేనని సుప్రీంకోర్టు 2025 జూలైలో తీర్పు ఇచ్చింది. కొత్త కోడ్‌లో కూడా ఈ మాట ఉంది. తెల్లవారుజామున సరుకు దించుకోవడానికి మీరు పిలిచిన పనివాళ్ల విషయంలో ఇది గుర్తుంచుకోండి.

గడువుల సంగతి చెప్పి ముగిస్తాను. ప్రమాదం జరిగిన 48 గంటల్లో పోలీసులు ట్రిబ్యునల్‌కు మొదటి నివేదిక, 90 రోజుల్లో పూర్తి వివరాల నివేదిక పంపాలని 2022 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న నియమాలు చెబుతున్నాయి. మేస్త్రీ ఆరు నెలల్లో క్లెయిము వేయాలని చట్టంలో ఉంది. ఆ గడువు చెల్లుతుందా అన్న వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది కానీ, అతను దాన్ని నమ్ముకుని ఆలస్యం చేయకూడదు, వీలైతే అతని ఇంటివాళ్లకు మీరే ఈ మాట చెప్పించండి. ట్రిబ్యునలు నుంచి నోటీసు వచ్చినప్పుడు కుర్రవాడికి వచ్చిన నోటీసునూ మీ నోటీసునూ ఒకే వకీలు దగ్గరికి తీసుకెళ్లి, అతను మీ పని మీదే వెళ్లాడని, లైసెన్సు ఉందని, బీమా అమల్లో ఉందని ఇద్దరూ ఒకే కౌంటరులో చెప్పండి. ఈలోగా పాలసీ అసలు ప్రతి, ఆర్‌సీ, లైసెన్సు నకలు, చిత్తూరు వ్యాపారి రసీదు, ఆ రోజు ఖర్చుల పుస్తకం పేజీ, కుర్రవాడి మూడు నెలల జీతం వివరాలు, ఆసుపత్రి బిల్లులు ఒకచోట చేర్చండి. కట్టు విప్పేంతవరకు అతని జీతం ఆపకండి.